జ్వరం తగ్గిన మూడో వారం

మా అక్క మొదట పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కుడి దవడ కింద మొదలైన నొప్పి చెవి దాకా పాకుతోంది, ముద్ద మింగితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, జ్ఞానదంతమే అయ్యుంటుందని ఆమె లెక్క. ఎక్స్‌రేలో పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఆయన టార్చి వేసి చూసి, బెంగళూరు చలికి గొంతు పట్టేసి ఉంటుందని ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాశాడు. మాత్రలు అయిపోయాయి గానీ నొప్పి పోలేదు. పైగా కుడివైపు నుంచి ఎడమవైపుకి జరిగింది.

"చెవి కాదురా, పండ్లు కాదు. ఈడ మెడలో ఏందో కూర్చోని గుంజుతాంది" అంది ఫోన్‌లో. కదిరి వదిలి కె.ఆర్. పురంలో కాపురం పెట్టి పదిహేనేళ్ళయినా, నొప్పి వస్తే అక్క మాట కదిరికి వెళ్ళిపోతుంది.

ఆ వారంలోనే గుండె దడ మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి టీ అంచుల మీదుగా ఒలికేది. ఫ్యాను ఫుల్లుగా పెట్టినా చెమటలు. ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ ఒకటి చేయించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చెయ్యమని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్) 0.01 అని, అంటే బాగా తక్కువగా వచ్చింది. ఇంటి దగ్గర క్లినిక్‌లో ఆ కాగితం చూసి, మెడ మీద చెయ్యి కూడా వెయ్యకుండా, "హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైంది, ఏడాదిన్నర మాత్రలు వాడాలి" అని కార్బిమజోల్ రాసిచ్చారు.

ల్యాబ్ ఇచ్చిన అంకె సరైనదే. తిరకాసంతా దాన్ని చదివిన తీరులో ఉంది.

థైరాయిడ్ గ్రంథి తాను తయారుచేసిన హార్మోన్‌ను అప్పటికప్పుడు రక్తంలోకి వదిలెయ్యదు. థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్‌కి కట్టిపెట్టి, లోపల ఉన్న సన్నటి సంచుల్లో దాచుకుంటుంది. ఆ నిల్వ రెండు మూడు నెలలకు సరిపోతుంది. అంటే మన మెడలో వడ్ల మిల్లు ఒకటి, దాని పక్కనే గాదె ఒకటి ఉన్నాయనుకోండి. రక్తంలో హార్మోన్ పెరిగితే రెండు కారణాలుండొచ్చు. మిల్లు ఆగకుండా ఆడుతూ ఉండొచ్చు. గ్రేవ్స్ జబ్బులో జరిగేది అదే. లేదా మిల్లు మామూలుగానే ఉండి, గాదె గోడ కూలి వడ్లన్నీ వీధిన పడి ఉండొచ్చు. థైరాయిడైటిస్, అంటే థైరాయిడ్ వాపు, ఈ రెండో రకం. ఏది జరిగినా టీఎస్‌హెచ్ పాతాళానికి పడిపోతుంది, ఎందుకంటే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథికి వీధిలో వడ్లు ఎక్కువయ్యాయనే సంగతి తప్ప అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు.

కార్బిమజోల్ మిల్లుని ఆపే మందు. గాదె కూలినప్పుడు మిల్లు ఆపితే ఏం లాభం? అసలు అప్పటికే టీఎస్‌హెచ్ అందక మిల్లు దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ మందు వల్ల అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, దానికి ముందు కనిపించే గుర్తులు గొంతు నొప్పీ జ్వరమూ. అప్పటికే గొంతు నొప్పితో ఉన్న మనిషికి ఈ మాత్ర ఇస్తే, ఏది జబ్బో ఏది మందు చేసిన పనో తేల్చడం ఎవరి తరం?

పదిహేను రోజుల తర్వాత అక్క ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్ళింది, నేనూ వెంట ఉన్నాను. డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి, ముందు రెండు వేళ్ళతో మెడ నొక్కింది. అక్క కుర్చీలోంచి లేచినంత పని చేసింది. డాక్టరమ్మ కన్నడంలోనే అడిగింది, "జ్వర యావాగ బంతమ్మా?" అని. జ్వరం ఎప్పుడొచ్చింది?

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. జ్వరం ఎక్కడిది? అక్క ఇంటికి ఫోన్ చేసి బావని అడిగితే, ఆయన వంటింట్లో తగిలించిన వెంకట్రామ క్యాలెండర్ చూసి చెప్పాడు. ఆగస్టు 9 నుంచి 13 దాకా అక్క చేతిరాతతో "పాలు వద్దు" అని ఉంది. ఇంట్లో నలుగురూ జ్వరంతో పడుకుంటే పాలు తాగేవాళ్ళు లేక పాలవాడిని ఆపిన రోజులవి. డెంగీ టెస్ట్ నెగటివ్ వచ్చింది, వైరల్ ఫీవర్ అన్నారు, తగ్గిపోయింది, మర్చిపోయాం. మెడ నొప్పి మొదలైంది సెప్టెంబర్ మొదటి రోజుల్లో. జ్వరం తగ్గిన మూడో వారం.

ఈ జబ్బు పేరు సబ్ అక్యూట్ థైరాయిడైటిస్. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వేన్ 1904లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి డి క్వెర్వేన్ థైరాయిడైటిస్ అని కూడా అంటారు. (బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర వచ్చే ఒక నొప్పికి కూడా ఆయన పేరే ఉంది. పసిబిడ్డల్ని ఎత్తుకునే తల్లులకు అది బాగా తెలుసు.) ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ మధ్య ఎక్కువగా వస్తుంది, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు చాలా ఎక్కువ. జలుబో జ్వరమో తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల్లోపు బయటపడుతుంది. నొప్పి దవడకి, చెవికి పాకడం, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడవడం దీని లక్షణాలే. అక్క పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడంలో ఆమె తప్పేమీ లేదు, ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది ముందు అటే వెళ్తారు.

ఇంతకీ వైరస్‌కీ దీనికీ సంబంధం ఉందని ఎలా తెలిసింది? ఈ ప్రశ్న పైకి కనిపించినంత తేలిక కాదు. మెడ నొప్పి మొదలయ్యేసరికి వైరస్ చాలావరకు ఒంట్లోంచి వెళ్ళిపోయి ఉంటుంది. దొంగ పోయాక మూడు వారాలకు పోలీసులు వచ్చినట్టన్న మాట. దొరికేవి అడుగుల జాడలే: ఫలానా వైరస్ మీద రక్తంలో పెరిగిన యాంటీబాడీలు, ఊళ్ళో అదే సమయంలో ఆడిన జ్వరాలు, తేదీల పొంతన.

ఈ జాడల్లో గట్టిది గవదబిళ్ళలది. ఇజ్రాయెల్‌లో గవదబిళ్ళలు ప్రబలినప్పుడు, వాటితో పాటే థైరాయిడ్ వాపు కేసులు కూడా గుంపుగా కనిపించాయి. ఆ రోగుల్లో గవదబిళ్ళల వైరస్ యాంటీబాడీలు దొరికాయి, ఒకరిద్దరి థైరాయిడ్ కణజాలం నుంచి వైరస్‌నే పెంచగలిగారని 1957లో ప్రచురించారు. దొంగ ఇంట్లోనే పట్టుబడిన అరుదైన సందర్భం అది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కాక్సాకీ, అడినో, ఇన్‌ఫ్లుయెంజా, ఎప్‌స్టీన్ బార్... పేర్ల జాబితా పెరుగుతూ పోయింది. ఒక రోగిలో ఒకటి, ఇంకొకరిలో మరొకటి. నాకు అర్థమైనంతలో ఈ జాబితా పొడుగే అసలు సంగతి చెబుతోంది. ఏ ఒక్క వైరస్ వల్లో వచ్చే జబ్బయితే ఇన్ని పేర్లు వచ్చేవి కావు. వైరస్ ఏదైనా కావచ్చు, దానికి ఒళ్ళు స్పందించే తీరు మాత్రం ఒకటే.

ఆ తీరు కొందరికే ఎందుకు? అక్క ఇంట్లో నలుగురికీ ఒకే జ్వరం వచ్చింది, మెడ మాత్రం అక్కదే పట్టుకుంది. దీనికి జవాబులో కొంత భాగం జన్యువుల్లో ఉంది. మన కణాలు తమ లోపల ఏముందో పైకి చూపించే పళ్ళేల్లాంటి అణువులున్నాయి, వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. వాటిలో బి35 అనే రకం ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని వేర్వేరు దేశాల్లో చాలాసార్లు తేలింది. వైరస్ ముక్కనో, వైరస్ దెబ్బతీసిన కణం ముక్కనో ఆ పళ్ళెం మీద చూసిన టీ కణాలు, అంటే రోగనిరోధక శక్తిలోని సైనికులు, దానికి పోలిక ఉన్న థైరాయిడ్ కణాల మీద కూడా పడతాయని ఒక వివరణ. ఇది ఊహే, కానీ తేదీలకు సరిపోయే ఊహ. సైన్యం తయారవ్వడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే కదా.

కోవిడ్ వచ్చాక ఈ కథ మారింది. ఒకే వైరస్, ఒకే సమయంలో, కోట్లమందికి. ఇంత పెద్ద ప్రయోగం ఎవరూ కావాలని చెయ్యలేరు. థైరాయిడ్ కణాల మీద ఏస్-2 అనే గ్రాహకం ఉంది, కరోనా వైరస్ లోపలికి దూరే తలుపు అదే. కరోనా కుటుంబానికే చెందిన 2003 నాటి సార్స్‌తో చనిపోయినవాళ్ళ శవపరీక్షల్లోనే థైరాయిడ్ కణాలు దెబ్బతిన్నట్టు కనిపించింది కాబట్టి కొందరు ముందే కనిపెట్టుకుని ఉన్నారు. 2020లో ఇటలీలోని పీసా వైద్యులు 18 ఏళ్ళ అమ్మాయి కేసు ప్రచురించారు. కోవిడ్ తేలికగానే వచ్చిపోయింది, రెండు వారాలకు మెడ నొప్పి, దడ, జ్వరం. ఆ కేసులో నన్ను ఆపేసింది ఒక చిన్న వివరం: అంతకు నెల ముందే ఆ అమ్మాయికి వేరే కారణంతో చేసిన థైరాయిడ్ పరీక్షలూ స్కానింగూ మామూలుగా ఉన్నాయి. "ముందు నుంచే ఉందేమో" అనే అనుమానానికి చోటు లేకుండా పోయింది.

అదే ఏడాది మిలాన్‌లో ఆస్పత్రిలో చేరిన 287 మంది కోవిడ్ రోగుల్ని చూస్తే, సుమారు 20 శాతం మందిలో థైరాయిడ్ హార్మోన్ పొంగిన గుర్తులు కనిపించాయి. మిలాన్‌లోనే ఇంకో బృందం, తీవ్రంగా జబ్బుపడిన రోగుల్ని 2019 నాటి అలాంటి వార్డు రోగులతో పోల్చింది. కోవిడ్ వార్డులో 15 శాతం, అంతకు ముందు ఏడాది 1 శాతం. వీళ్ళలో చాలామందికి మెడ నొప్పే లేదు. అంటే మెడ ఏ గొడవా చెయ్యకుండానే గాదె కూలుతోంది.

ఇక్కడితో ఆగితే భయపెట్టే కథ తయారవుతుంది. లండన్‌లో అదే సమయంలో ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల్ని చూసినవాళ్ళకు ఇలాంటిది కనపడలేదు. చాలామంది థైరాయిడ్ మామూలుగా ఉంది, టీఎస్‌హెచ్ కొద్దిగా తగ్గి, కోలుకున్నాక మళ్ళీ సర్దుకుంది. ఎవరి లెక్క నిజం? రెండూ నిజమే కావచ్చు. ఎంత తీవ్రంగా జబ్బుపడినవాళ్ళని చూశారు, స్టెరాయిడ్ ఇవ్వకముందు రక్తం తీశారా, ఇచ్చాక తీశారా అన్నదాన్నిబట్టి అంకెలు మారతాయి. వ్యాక్సిన్ తర్వాత కూడా ఈ వాపు వచ్చిన కేసులు చాలా దేశాల నుంచి రాశారు. అరుదు, ఎక్కువమందికి దానంతటదే తగ్గింది. దానికి భయపడి టీకా మానుకుంటే నా దృష్టిలో అది చెడ్డ బేరం.

ఒక పెద్ద చిక్కు మన దగ్గరే ఉంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 8 నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం, ఉంది. పదిమందిలో ఒకరికి పైగా. వీళ్ళలో తమకు ఉందని తెలియనివాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో జ్వరాలు ఆడినప్పుడు అందరూ ల్యాబ్‌కి పరిగెడతారు, ప్యాకేజీలో టీఎస్‌హెచ్ ఉచితంగా వస్తుంది, హార్మోన్ తగ్గితే అది పెరుగుతుంది కాబట్టి ఎక్కువ ఉందని తేలుతుంది. "డెంగీ వచ్చాకే నాకు థైరాయిడ్ వచ్చింది" అనే మాట అలా పుడుతుంది. వచ్చింది ముందే అయ్యుండొచ్చు, బయటపడింది అప్పుడు.

దీనికి తోడు, ఏ పెద్ద జబ్బులో అయినా శరీరం ఖర్చు తగ్గించుకోవడానికి టీ3 అనే థైరాయిడ్ హార్మోన్‌ని దించేస్తుంది. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పెరిగి, తర్వాత సర్దుకుంటుంది. గట్టి అనుమానం ఉంటే తప్ప జ్వరం మంచం మీద థైరాయిడ్ టెస్ట్ చేయించకపోవడమే మంచిది. చేయిస్తే ఆరు వారాలకు మళ్ళీ చూసుకోవాలి.

ఇంకోటి, చాలామందికి తట్టనిది. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. వెంటనే మెడికల్ షాపులో బయోటిన్ మాత్రలు కొంటాం. ఆ బయోటిన్ ఎక్కువ మోతాదులో ఒంట్లో ఉంటే, కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్ని తికమకపెట్టి టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 అనే ఇంకో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్‌కి ఏమీ కాకుండానే కాగితం మీద హైపర్ థైరాయిడ్! పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆ మాత్ర ఆపాలి, వాడుతున్నామని డాక్టరుకి చెప్పాలి. జుట్టు మాత్ర కూడా మాత్రేనని మనకు గుర్తుండదు.

జీవితాంతం ఉండే థైరాయిడ్ జబ్బుల సంగతి వేరు. జపాన్‌లో హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్ని పరిశీలించి రాసిన జబ్బు ఈ రోజు మన ఇళ్ళల్లో హైపోథైరాయిడ్‌కి ముఖ్య కారణం. అందులో రోగనిరోధక శక్తే ఏళ్ళ తరబడి గ్రంథిని కొరుక్కుతింటుంది. వైరస్‌లు దాన్ని రాజేస్తాయా అంటే హెపటైటిస్ సి విషయంలో ఆధారాలు బాగానే ఉన్నాయి, దానికి ఒకప్పుడు వాడిన ఇంటర్‌ఫెరాన్ మందు కూడా కొందరి థైరాయిడ్‌ని కదిలించేది. మిగతా వైరస్‌ల మీద అనుమానాలే ఎక్కువ. ఆ నిప్పు ఎప్పుడు అంటుకుందో తెలియదు కాబట్టి ఏ జ్వరాన్ని పట్టుకుని నిలదీస్తాం?

బెంగళూరులో జ్వరాలకు కొదవలేదు. 2024 సెప్టెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. 2025 జనవరిలో ఇక్కడే ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ అనే శ్వాసకోశ వైరస్ సోకిందని తేలితే టీవీల్లో వారం రోజులు అదే గోల. గోల అణిగాక, మూడు నాలుగు వారాలకు ఎవరి మెడ నొప్పి పెడుతుందో వార్తల్లో రాదు. డెంగీ తర్వాత ఈ వాపు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో అక్కడక్కడా ఉన్నాయి. కానీ డెంగీ రోగి ఇంట్లో అందరి కళ్ళూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి, అవి లక్ష దాటగానే ఫైలు మూసేస్తాం. ఆ తర్వాత వచ్చే నీరసం, దడ, బరువు తగ్గడం అన్నీ "జ్వరం తాలూకు బలహీనత" ఖాతాలో పడిపోతాయి. నిజంగా బలహీనతే కావచ్చు. మెడ ముందుభాగం ముట్టుకుంటే నొప్పి ఉందా అని ఒకసారి చూడటానికి మాత్రం ఖర్చేమీ లేదు.

డాక్టరమ్మ అక్కకు ముందు ఈఎస్‌ఆర్ రాసింది. ఒంట్లో వాపు ఉందేమో చెప్పే, రెండు మూడు వందల రూపాయలైనా కాని పాతకాలపు పరీక్ష. 86 వచ్చింది. ఈ వాపులో అది అలా ఎగబాకుతుంది, గ్రేవ్స్‌లో మామూలుగా పెరగదు. గ్రేవ్స్ యాంటీబాడీ లేదని తేలింది. తర్వాత టెక్నీషియం స్కాన్, అంటే పనిచేసే గ్రంథి పీల్చుకునే రేడియోధార్మిక పదార్థం ఇచ్చి తీసే బొమ్మ. ఆ ఫిల్మ్ నాకు ఇంకా గుర్తుంది. పైన లాలాజల గ్రంథులు రెండు వైపులా నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. కింద సీతాకోకచిలుకలా కనిపించాల్సిన థైరాయిడ్ చోట ఏమీ లేదు, ఖాళీ. గ్రంథి అక్కడే ఉంది, పని మాత్రం చెయ్యడం లేదు. గ్రేవ్స్ అయితే అక్కడే మిగతా అన్నిటికంటే నల్లగా ఉండేదట.

కార్బిమజోల్ ఆపించింది. దడకి ప్రొప్రనలాల్ ఇచ్చింది. నొప్పి తక్కువైతే మామూలు నొప్పి మాత్రలే సరిపోతాయట, అక్కకు అవి చాలలేదు కాబట్టి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. రెండో రోజు పొద్దున అక్క ఇడ్లీ నీళ్ళు లేకుండా మింగింది. ఇంత త్వరగా లొంగడం కూడా రోగనిర్ధారణలో భాగమేనని, రెండు మూడు రోజుల్లో తేడా రాకపోతే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి పోయింది కదా అని మాత్ర మానెయ్యకూడదు, కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. అక్క ఒకసారి ఆపి చూసింది, తిరగబెట్టింది. మళ్ళీ మొదలు.

నవంబర్‌లో కథ అడ్డం తిరిగింది. గాదెలో వడ్లన్నీ వీధిన పడి అయిపోయాయి, మిల్లు ఇంకా బాగుపడలేదు. అక్కకు చలి, మలబద్ధకం, మధ్యాహ్నం రెండింటికే నిద్ర. టీఎస్‌హెచ్ 14. "మొన్నే తక్కువన్నారు, ఇప్పుడు ఎక్కువంటారు, ఈ ల్యాబోళ్ళకు ఏమన్నా తెలుసునా?" అని తిట్టింది. ల్యాబ్‌వాళ్ళ తప్పేమీ లేదు, ఈ జబ్బు దారే అది: కొన్ని వారాలు ఎక్కువ, కొన్ని వారాలు తక్కువ, ఆ తర్వాత సమం. నవంబర్‌లో మొదటిసారి పరీక్ష చేయించుకుని ఉంటే, జీవితాంతం థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) అని ఎవరో ఒకరు రాసిచ్చేవాళ్ళు. నూటికి సుమారు 5 నుంచి 15 మందికి నిజంగానే హైపోథైరాయిడ్ మిగిలిపోతుంది, వాళ్ళకు ఆ మాత్ర కావాలి. మిగతావాళ్ళకు ఆగి చూడటమే వైద్యం. ఒకే మనిషి, ఒకే జబ్బు, సెప్టెంబర్‌లో ఒక పేరు, నవంబర్‌లో ఇంకో పేరు పడేది. రెండు అంకెల్నీ ఒకే దారిలో పెట్టింది ఆగస్టు 9 అనే తేదీ. ఆ జ్వరం ఏ వైరస్‌దో ఇప్పటికీ మాకు తెలియదు, ఇక తెలియదు కూడా.

జనవరి చివర్లో టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది, అంటే మామూలే. మందులేమీ లేవు. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. కొత్త క్యాలెండర్ జులై పేజీలో, గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ రాసుకునే చోట, అక్క "మెడ" అని ఒక్క మాట రాసి చుట్టూ గుండ్రంగా గీసింది. పాత క్యాలెండర్ పారెయ్యలేదు. ఫ్రిజ్ మీద చుట్టిపెట్టి ఉంది.